ఆపద తీరాక చెప్పాల్సిన లెక్క



2013 ఆగస్టు 19, సోమవారం. జర్మనీలోని బవేరియా రాష్ట్రంలో, డాన్యూబ్ నది ఒడ్డున ఉన్న ఇంగోల్‌స్టాట్ పట్టణం. ఆడి కార్ల కంపెనీ కేంద్ర కార్యాలయం అక్కడే ఉంది. అక్కడి సాంకేతిక విద్యాసంస్థలో చదివే భారతీయ విద్యార్థుల వల్ల ఆ ఊరి పేరు మన ఇళ్లలోనూ ఇప్పుడిప్పుడే వినిపిస్తోంది. ఆ రోజు పొద్దున ఆఫీసు వేళకే 24 ఏళ్ల యువకుడొకడు పాత టౌన్‌హాలులోకి చొరబడి కొందరిని బందీలుగా పట్టుకున్నాడు. వారిలో పట్టణ మూడో మేయర్ సెప్ మిస్‌ల్‌బెక్ ఒకరు. మరొకరు, ఆ యువకుడు అంతకుముందు వెంటపడి వేధించిన మహిళా ఉద్యోగి. ఆ వేధింపుల కేసులో కోర్టు అతన్ని దోషిగా తేల్చి శిక్ష అమలును నిలిపి ఉంచింది. అప్పటి ఛాన్సలర్ ఏంజెలా మెర్కెల్ ఎన్నికల సభ అదే రోజు అదే ఊళ్లో జరగాల్సి ఉండగా రద్దు చేశారు. మధ్యలో కొందరిని వదిలిపెట్టినా మిగిలినవారిని సాయంత్రం దాకా అతను కదలనివ్వలేదు. దాదాపు తొమ్మిది గంటల తర్వాత ప్రత్యేక పోలీసు దళం లోపలికి దూసుకెళ్లి అతన్ని కాల్చి గాయపరిచి పట్టుకుంది. బందీలు క్షేమంగా బయటపడ్డారు. తర్వాత చూస్తే అతని చేతిలోని తుపాకీ అసలుదానిలా కనిపించే నకిలీది.

ఇలాంటి ఆపదలో మూసిన గదిలోని మాటలను పోలీసులు చాటుగా వినడం న్యాయమా అని అడిగేవాళ్లు ముందు ఈ తొమ్మిది గంటలకు జవాబు చెప్పాలి. మూసిన తలుపు అవతల ఎంతమంది ఉన్నారు, ఎవరు ఏ మూల కూర్చున్నారు, అతని గొంతు పెరుగుతోందా తగ్గుతోందా, బందీల్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేదా, ఇవేవీ తెలియకుండా తలుపు పగలగొడితే చచ్చేది బందీలే. బేరమాడే అధికారికి గదిలో వినిపించే ప్రతి మాటా ఆయుధంతో సమానం. సాధనాలకూ కొరత లేదు. బల్లమీద ఉన్న ఆఫీసు ఫోను రిసీవరు ఎత్తకుండానే మాట్లాడేందుకు వీలుగా లోపల ఒక మైకు ఉంటుంది. కార్యాలయ ఎక్స్ఛేంజిని తగినట్టు అమరిస్తే ఆ మైకును దూరం నుంచే తెరవవచ్చు. ఫోను మోగదు, గదిలో ఉన్నవారికి తెలియదు. ఈ ప్రమాదం ఉందని జర్మనీ సమాచార భద్రతా సంస్థ తన భద్రతా ప్రమాణాల గ్రంథంలో ఎప్పుడో నమోదు చేసింది. ఉద్యోగి ఫిర్యాదులు వినడానికి వాడే ఫోనే అవసరమైతే ఉద్యోగి మాటలు వినే చెవి కాగలదు. ఇంగోల్‌స్టాట్‌లో ఆ రోజు ఏ పరికరం వాడారన్నది నా వాదనకు అక్కర్లేదు. అలాంటి రోజున పోలీసు ఎవరి అనుమతితో వినవచ్చు, విన్నాక ఎవరికి జవాబు చెప్పాలి అన్నదే అక్కర.

నా వాదన మొదటే చెబుతాను. ఆపద సమయంలో పోలీసుకు ముందస్తు అనుమతి నుంచి మినహాయింపు ఇవ్వవచ్చు. తర్వాత లెక్క చెప్పడం నుంచి మాత్రం మినహాయింపు ఇవ్వకూడదు. ఆ లెక్క వినేది, వినమని ఆదేశించిన శాఖ కాకూడదు. చాటుగా ఎవరి మాటలు విన్నారో ఆ మనిషికి ఏదో ఒక రోజున ఆ సంగతి తెలియాలి. ఈ మూడూ ఉన్నచోట అత్యవసర అధికారం గోప్యత హక్కుతో కలిసి బతకగలదు. లేనిచోట అత్యవసరం అనే పేరు మామూలు రోజులకు కూడా అతుక్కుపోతుంది.

జర్మన్ రాజ్యాంగం 13వ అధికరణం ఇంటి పవిత్రతను కాపాడుతుంది. దుకాణాలు, ఆఫీసులు కూడా, కొంత తక్కువ స్థాయిలోనైనా, ఆ రక్షణ కిందికే వస్తాయని అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం 1971లోనే చెప్పింది. ప్రభుత్వ కార్యాలయం గదికి అది ఎంతవరకు వర్తిస్తుందన్న దాని మీద వాదించవచ్చుగానీ, మాటకు చోటుతో సంబంధం లేని రక్షణ ఒకటి ఉంది. బహిరంగంగా కాక తమలో తాము చెప్పుకున్న మాటను అనుమతి లేకుండా రికార్డు చేయడం శిక్షాస్మృతి 201వ సెక్షను కింద నేరం. ఆ నేరం ప్రభుత్వోద్యోగి చేస్తే శిక్ష ఇంకా ఎక్కువ, ఐదేళ్ల దాకా. ఇక 13వ అధికరణంలోని నాలుగో ఉపనిబంధన ప్రకారం, ప్రాణాపాయం వంటి తీవ్రమైన ముప్పును ఆపడానికి ఇంట్లో మాటలను పరికరాలతో వినవచ్చు. కానీ న్యాయమూర్తి ఆదేశం ఉండాలి. ఆలస్యమైతే ప్రమాదం అన్నప్పుడు చట్టం నిర్దేశించిన మరో అధికారి ఆదేశించవచ్చు. అప్పుడు కూడా వెంటనే న్యాయమూర్తి నిర్ణయం తెచ్చుకోవాలి. లోపలికి పంపిన పోలీసుల రక్షణ కోసమే వింటే ఐదో ఉపనిబంధన ఇంకొంచెం వెసులుబాటు ఇస్తుంది. అలా విన్నది మరో కేసులో వాడాలంటే మాత్రం ముందు ఆ వినడం చట్టబద్ధమేనని న్యాయమూర్తి తేల్చాలి. ఆరో ఉపనిబంధన ప్రకారం కేంద్ర ప్రభుత్వం ప్రతి సంవత్సరం పార్లమెంటుకు నివేదిక ఇవ్వాలి. పౌరుల ఇళ్లలోకి చెవి పెట్టే అధికారం ఎన్నిసార్లు వాడారో దేశానికి ఏటా తెలియాలన్నమాట.

ఈ నిబంధనలు ఎవరూ దయతో ఇచ్చినవి కావు. 1990ల్లో నేర పరిశోధన కోసం ఇళ్లలో మైకులు పెట్టే అధికారం ఇవ్వాలన్న ప్రతిపాదనను తన పార్టీ సమర్థించినప్పుడు, ఆ దేశ న్యాయశాఖ మంత్రి సబీనా లాయ్‌టొయిసర్-ష్నారెన్‌బెర్గర్ పదవికి రాజీనామా చేశారు. 1998లో రాజ్యాంగ సవరణ జరిగిపోయింది. ఆమె, మాజీ హోంమంత్రి గెర్హార్ట్ బౌమ్, బుర్ఖార్డ్ హిర్ష్ వంటివారు కోర్టుకెక్కారు. 2004 మార్చి 3న రాజ్యాంగ న్యాయస్థానం సవరణను నిలబెట్టినా, దాన్ని అమలుచేసే చట్టంలో చాలా భాగాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. మనిషి అంతరంగ జీవితానికి ఒక లోపలి గది ఉందని, ఎంతటి అవసరమైనా రాజ్యం అందులోకి రాకూడదని, సంభాషణ అక్కడికి చేరిందని తెలిసిన క్షణాన వినడం ఆపేయాలని ఆ తీర్పు చెప్పింది. విన్న విషయం ఆ వ్యక్తికి తర్వాత తెలియజేయాలని కూడా చెప్పింది. నాకు మరింత ముఖ్యంగా తోచేది ఇంకొకటి. రికార్డులను చెరిపేయడం గోప్యతకు రక్షణే, కానీ తొందరగా చెరిపేస్తే బాధితుడు కోర్టుకు వెళ్లే దారి మూసుకుపోతుంది. అందుకని ఆ దారి తెరిచి ఉన్నంతకాలం వాటిని ఇంకెవరూ వాడకుండా కట్టడి చేసి భద్రపరచాలి. చెరిపేయడం ఎవరికి మేలు చేస్తుందన్న ప్రశ్నను ఇంత సూటిగా పట్టుకున్న తీర్పు మరొకటి నాకు కనబడలేదు. మన హైదరాబాదు సంగతికి వచ్చినప్పుడు దీని విలువ తెలుస్తుంది.

ఇంగోల్‌స్టాట్‌లోని తుపాకీ నకిలీది కదా, మరి అది ఆపద ఎలా అయింది? ఈ ప్రశ్నకు జర్మన్ పోలీసు చట్టశాస్త్రంలో స్థిరపడిన జవాబు ఉంది. ఆ క్షణంలో, అక్కడున్న వివేకం గల అధికారికి కనిపించిన వాస్తవాలను బట్టే ముప్పును కొలవాలి. తర్వాత తేలిన నిజాన్ని వెనక్కి తీసుకెళ్లి అతన్ని తప్పుపట్టకూడదు. ఇది న్యాయమైన కొలత. కానీ అధికారి కళ్లెదుట వాస్తవాలు ఉండాలన్న షరతు కూడా ఈ కొలతలోనే ఉంది. 2001 ఫిబ్రవరి 20 నాటి తీర్పులో అదే న్యాయస్థానం, సోదాల కేసులో, ‘ఆలస్యమైతే ప్రమాదం’ అన్న సాకును ఊహల మీద, వృత్తి అనుభవం అనే మాట మీద నిలబెట్టడం కుదరదంది. ఆ కేసుకు చెందిన వాస్తవాలు చూపాలంది. న్యాయమూర్తి అందుబాటులో లేరనడం కూడా చెల్లదంది. ఏడాది పొడవునా, సెలవు రోజుల్లో సహా, ఉదయం 6 నుంచి రాత్రి 9 వరకు న్యాయమూర్తి దొరికేలా కోర్టులు ఏర్పాటు చేయాలని 2019లో ఇంకా స్పష్టంగా చెప్పింది. పాత టౌన్‌హాలు ఘటన నడిచిన తొమ్మిది గంటల్లో ఒక న్యాయమూర్తికి ఫోను చేయడానికి ఎన్నో అవకాశాలుంటాయి. మొదటి పది నిమిషాలకు అత్యవసర మినహాయింపు కావాలి, ఒప్పుకుంటాను. తొమ్మిదో గంటకు అదే మినహాయింపు ఎందుకు కావాలి?

ఇక మన ఇంటికి వద్దాం. ఫోను వినే అధికారం మనకు 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం ఐదో సెక్షను నుంచి సంక్రమించింది. ప్రజా అత్యవసర పరిస్థితి తలెత్తినప్పుడు గానీ, ప్రజా భద్రత కోసం గానీ అన్నవి ఆ అధికారానికి గడప. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం 20వ సెక్షనులోనూ అదే గడపను నిలిపారు. ఈ అత్యవసర పరిస్థితికీ 1975లో ప్రకటించిన ఎమర్జెన్సీకీ సంబంధం లేదు. ఇది ఏ రోజైనా, ఒక కార్యదర్శి సంతకంతో, గెజిట్‌లో ప్రకటన లేకుండా ఉనికిలోకి వస్తుంది. రాజకీయ నాయకుల ఫోన్లు విన్న తీరుపై సీబీఐ నివేదిక ఒకటి పత్రికలో వెలువడ్డాక పీయూసీఎల్ సుప్రీంకోర్టుకు వెళ్లింది. తెలుగువారికి చిరపరిచితులైన కె.జి. కన్నబిరాన్ జాతీయాధ్యక్షుడిగా ఏళ్ల తరబడి నడిపిన పౌరహక్కుల సంస్థ అది. 1996 డిసెంబరు 18 నాటి ఆ తీర్పులో నన్ను ఎప్పుడూ ఆకట్టుకునే భాగం ఒకటుంది. ప్రజా అత్యవసర పరిస్థితి గానీ ప్రజా భద్రతకు ముప్పు గానీ రహస్య విషయాలు కావు, మామూలు మనిషికి కంటికి కనిపించేవే అని న్యాయస్థానం అర్థం చెప్పింది. ఇంగోల్‌స్టాట్ చౌకులో నిలబడిన ప్రతి ఒక్కరికీ ఆ ఆపద కనిపించింది. మనదగ్గర వేల ఆదేశాల్లో రాసుకున్న ఆపదలు ఎవరికి కనిపించాయి? బొంబాయి హైకోర్టు 2019లో ఒక లంచం కేసులో మూడు ట్యాపింగ్ ఆదేశాలను ఈ కారణంతోనే కొట్టేసింది. 2025 జులైలో మద్రాసు హైకోర్టు కూడా, 2011 నాటి ఆదేశం విషయంలో, అదే దారిలో నడిచింది. పెద్ద అవినీతి కూడా ప్రజా భద్రతకు ముప్పేనని అదే ఏడాది ఢిల్లీ హైకోర్టు మరో దారి పట్టింది. గడప ఎత్తు ఎంతో ఇప్పటికీ స్థిరపడలేదన్నమాట.

1996 తీర్పు ఒకచోట వెనకడుగు వేసింది. చట్టంలో లేదు కాబట్టి న్యాయమూర్తి ముందస్తు పరిశీలనను తాము ఆదేశించలేమంది. ఆ ఖాళీలో హోం కార్యదర్శి ఆదేశం, అధికారుల రివ్యూ కమిటీ వచ్చి కూర్చున్నాయి. 2024 డిసెంబరు 6న వచ్చిన కొత్త నిబంధనల్లోనూ అవే కొనసాగాయి. అత్యవసరమైతే రాష్ట్రంలో ఐజీ స్థాయికి తగ్గని అధికారి తానే ఆదేశించవచ్చు. మూడు పని దినాల్లో పైవారికి తెలపాలి, ఏడు పని దినాల్లో ఆమోదం రాకపోతే ఆపేయాలి. కాగితం మీద ఇది గట్టిగానే కనిపిస్తుంది. కానీ ఆమోదించేది హోం కార్యదర్శి. ఆయన ఆమోదాన్ని సమీక్షించేది రాష్ట్రంలో ప్రధాన కార్యదర్శి నాయకత్వంలోని కార్యదర్శులే. మొత్తం దారిలో ఎక్కడా న్యాయమూర్తి లేడు. ఆదేశించినవారూ తప్పొప్పులు చూసేవారూ ఒకే సచివాలయంలో పక్కపక్క గదుల్లో ఉంటారు. వారు ఎంత నిజాయితీపరులైనా ఎంత చూడగలరు? కేంద్ర ప్రభుత్వం నెలకు 7,500 నుంచి 9,000 ఆదేశాలు ఇస్తోందని సమాచార హక్కు కింద గతంలో వెల్లడైంది. రెండు నెలలకోసారి కలిసే కమిటీ ఒక్కో సమావేశంలో 15,000 నుంచి 18,000 ఆదేశాలు చూడాల్సి వస్తోందని, అది అసాధ్యమని జస్టిస్ శ్రీకృష్ణ కమిటీ 2018లోనే రాసింది. ఒక్క రోజు కూర్చుని ఎనిమిది గంటలు ఆగకుండా చూసినా ఒక్కో ఆదేశానికి రెండు సెకన్లు కూడా రావు. ఇక గదిలో మైకు పెట్టి వినడం సంగతి చెప్పనక్కర్లేదు. 1999 నాటి మహారాష్ట్ర వ్యవస్థీకృత నేరాల చట్టం వంటి ప్రత్యేక చట్టాలను పక్కన పెడితే, పోలీసులు ఎప్పుడు అలా వినవచ్చో, ఎప్పుడు ఆపాలో చెప్పే స్పష్టమైన నిబంధన మన సాధారణ చట్టాల్లో లేదు. ఇంగోల్‌స్టాట్ వంటి ఘటన రేపు విజయవాడలోనో వరంగల్‌లోనో జరిగితే మన పోలీసు ఏ సెక్షను కింద వింటాడు?

పర్యవసానం తెలంగాణ ఫోన్ ట్యాపింగ్ కేసులో కనిపిస్తోంది. 2024 మార్చి 10న హైదరాబాదు పంజాగుట్ట పోలీస్ స్టేషన్‌లో నమోదైన ఆ కేసు ఇంకా తేలలేదు. నిందితుల తప్పొప్పులు కోర్టు తేల్చాలి, నేను తేల్చను. ఆరోపణల స్వరూపం మాత్రం మన చర్చకు కావాలి. మావోయిస్టుల కదలికల కోసం ఏర్పడిన స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్రాంచిలో, ఆ పేరు మీదే రాజకీయ నాయకుల, వ్యాపారుల, పాత్రికేయుల ఫోన్లు విన్నారన్నది ఒకటి. న్యాయమూర్తుల ఫోన్లు కూడా విన్నారన్న వార్తలతో హైకోర్టు తనంత తానుగా విచారణ చేపట్టింది. 2023 డిసెంబరు 3న ఎన్నికల ఫలితాలు వచ్చిన మర్నాటి రాత్రే హార్డ్‌డిస్కులు ధ్వంసం చేశారన్నది ఇంకొకటి. ముక్కల కోసం పోలీసులు మూసీలో వెతికారు. ఈ ఆరోపణలు రుజువైతే, ఇన్నేళ్లపాటు వింటున్న సంగతి బయటపడటానికి ప్రభుత్వం మారాల్సి వచ్చిందని అర్థం. రుజువు కాకపోతే, నిర్దోషులైన అధికారులు తమ నిర్దోషిత్వం చూపుకోవడానికి ఆధారాలే మిగల్లేదని అర్థం. ఏ రకంగా చూసినా లెక్క చెప్పే ఏర్పాటు లేకపోవడమే ఇక్కడి జబ్బు. పార్టీలను చూసి తీర్పు చెప్పే పని కూడా ఇది కాదు. 1988లో ట్యాపింగ్ ఆరోపణల మధ్య కర్ణాటక ముఖ్యమంత్రి రామకృష్ణ హెగ్డే రాజీనామా చేశారు. 2015లో ఓటుకు నోటు కేసు వేళ రెండు తెలుగు రాష్ట్రాలు ఒకరి మీద ఒకరు చెవులు నిక్కించుకున్నాయన్న ఆరోపణలు మనకు గుర్తే. ఎవరు అధికారంలో ఉన్నా యంత్రం అక్కడే ఉంటుంది.

ఒక అవసరానికి విన్నది మరో అవసరానికి జారిపోవడం కొత్త రోగమేమీ కాదు. దానికి ఇంగోల్‌స్టాట్‌లోనే పాత సాక్ష్యం ఉంది. 1776 మే 1న ఆ ఊరి విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఆడమ్ వైస్‌హౌప్ట్ ‘ఇల్యుమినాటి’ అనే రహస్య సంఘాన్ని స్థాపించాడు. రాజ్యానికి ముప్పని బవేరియా పాలకుడు కార్ల్ తియోడోర్ దాన్ని నిషేధించాడు. 1786 అక్టోబరులో లాండ్స్‌హుట్‌లో ఒక సభ్యుడి ఇంటిని సోదా చేసి ఉత్తరాలు పట్టుకున్నారు, మరుసటి ఏడాది ప్రభుత్వమే వాటిని అచ్చు వేయించింది. వాటిలో కుట్రకు సంబంధించినవే కాదు, వైస్‌హౌప్ట్ సొంత సంసారంలోని అత్యంత ప్రైవేటు సంగతులు కూడా ఉన్నాయి. రాజ్యాన్ని కాపాడడానికి పట్టుకున్న కాగితాలతో ఒక మనిషి పరువు తీశారు. ఇప్పటి జర్మన్ రాజ్యాంగ న్యాయస్థానం 2016 ఏప్రిల్ 20న కేంద్ర నేర పరిశోధన సంస్థ చట్టంపై ఇచ్చిన తీర్పులో ఈ జారుడుకు అడ్డుకట్ట వేసింది. ఒక పనికి సేకరించిన సమాచారాన్ని మరో పనికి వాడాలంటే, ఆ రెండో పనికి కొత్తగా అదే పద్ధతిలో సేకరించే అర్హత ఉందా అని చూడాలి. టౌన్‌హాలులో బందీగా ఉన్న మహిళ ఆ తొమ్మిది గంటల్లో ప్రాణభయంతో ఏమేం మాట్లాడి ఉంటుంది? బతిమాలడం, ఏడవడం, ఇంట్లోవాళ్ల పేర్లు తలుచుకోవడం. ఆమెను కాపాడటానికి వినవచ్చు. కాపాడాక ఆ మాటలు ఆమెవి.

దీనికి వచ్చే అభ్యంతరాలు తేలిక చేయదగ్గవి కావు. ఎవరి మాటలు విన్నారో వాళ్లకు తర్వాత చెబితే ఉగ్రవాదులు జాగ్రత్తపడరా అంటారు. జాగ్రత్తపడతారు. అందుకే జర్మన్ చట్టం దర్యాప్తుకు, ప్రాణాలకు ముప్పు ఉన్నంతకాలం తెలియజేయడాన్ని వాయిదా వేయనిస్తుంది. ఆ వాయిదాను పొడిగించాలా అన్నది న్యాయమూర్తి చూస్తాడు. ఎన్నటికీ చెప్పకపోవడం వేరే సంగతి. మన కోర్టులు ఇప్పటికే నలిగిపోతున్నాయి, ఈ భారం కూడానా అన్నది మరో అభ్యంతరం. పట్టుకున్న మనిషిని 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలన్న రాజ్యాంగ నియమాన్ని ఇదే కోర్టులతో డెబ్బై ఏళ్లకు పైగా నడుపుతున్నాం, సెలవు రోజున మేజిస్ట్రేటు ఇంటికి సైతం తీసుకెళ్తాం. ఒళ్లు పట్టుకున్నప్పుడు వీలైనది మాట పట్టుకున్నప్పుడు వీలుకాదా? పైగా న్యాయమూర్తి చూస్తాడన్న భయముంటే ఆదేశాల సంఖ్యే తగ్గుతుంది. తప్పు చేయనివాడికి భయమెందుకు అన్నది అన్నిటికన్నా తరచుగా వినిపించే మాట. ఇంగోల్‌స్టాట్ బందీలు ఏ తప్పూ చేయలేదు, అయినా వారి మాటకు రక్షణ కావాలి. ఓటరుకు, జబ్బు గురించి డాక్టరుతో మాట్లాడే రోగికి, వార్త అందించినవాడి పేరు దాచే పాత్రికేయుడికి అంతే కావాలి. 2017 ఆగస్టు 24న జస్టిస్ పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించారు. దోషులకో నిర్దోషులకో అని విడదీయలేదు. సచివాలయంలోని కార్యదర్శులు ఎన్నికైన ప్రభుత్వానికి జవాబుదారీ కదా అని కూడా అంటారు. ప్రతిపక్ష నాయకుడి ఫోను విషయంలో ఎన్నికైన ప్రభుత్వమే ఒక పక్షం. కాబట్టి ఈ ఒక్క వాదానికి నా దగ్గర ఓర్పు తక్కువ.

జర్మనీని గుడికట్టి పూజించమని నేను చెప్పడం లేదు. ఇంగోల్‌స్టాట్ ఉన్న బవేరియా రాష్ట్రమే 2017, 2018ల్లో పోలీసు చట్టాన్ని మార్చి, ముప్పు ఇంకా రూపుదిద్దుకోక ముందే, పొంచి ఉందనిపిస్తే చాలు అనేక అధికారాలు వాడేలా గడపను దింపింది. 2018 మే 10న మ్యూనిక్ వీధుల్లోకి పోలీసుల లెక్క ప్రకారమే 30,000 మంది వచ్చి వ్యతిరేకించారు. వారం తిరగకుండానే శాసనసభ దాన్ని ఆమోదించింది. కంటికి కనిపించే ఆపద నుంచి మనసుకు తోచే ఆపదకు జారడానికి అక్కడి రాజ్యాలకూ కోరిక తక్కువేమీ లేదు. తేడా ఏమిటంటే అక్కడ ఆ జారుడును జనం చూడగలిగారు, వీధిలో ఎదిరించారు, న్యాయస్థానాల్లో ప్రశ్నించారు. మనకు చూడటానికే ఏమీ దొరకడం లేదు.

అందుకే నా కోరిక మొదటి మెట్టు దగ్గరే ఉంది. అత్యవసర ఆదేశానికి ఏడు పని దినాల్లో వచ్చే ఆమోదం హైకోర్టు న్యాయమూర్తి నుంచి రావాలని, విన్న సంగతి నిర్ణీత గడువులో ఆ వ్యక్తికి తెలపాలని పార్లమెంటు చట్టం మార్చాలి. అందుకు కాలం పడుతుంది. ఈలోగా రెండు తెలుగు రాష్ట్రాల హోంశాఖలు ఒక పని చేయగలవు. ఏటా ఎన్ని ఫోన్లు వినమని ఆదేశించారు, వాటిలో అత్యవసరం పేరుతో ఎన్ని, గడువులో ఆమోదం రాక ఆపేసినవి ఎన్ని, రివ్యూ కమిటీ తప్పుపట్టినవి ఎన్ని, ఈ నాలుగు అంకెలు శాసనసభ ముందు పెట్టగలవు. అంకె చెబితే ఏ దర్యాప్తూ చెడదు, ఏ పేరూ బయటపడదు. మీ నియోజకవర్గ శాసనసభ్యుడు, ఏ పార్టీ వారైనా సరే, వచ్చే సమావేశాల్లో ఈ ప్రశ్న వేసేలా మీరు అడగండి. జవాబు వచ్చేదాకా అడుగుతూనే ఉండండి.